పసుపు వేస్తే కుంకుమైన సబ్బు: రంగుల సుడుల వెనక చరిత్ర

ఇవాళ రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక సబ్బు ముక్క గురించి మాట్లాడుకుందాం.

బాల్కొండలో మా చిన్నమ్మ ఇంట్లో మొదటిసారి సబ్బు చేశాం. బాల్కొండ, ఆర్మూర్ అంటేనే పసుపు పంట. మరి సబ్బులో పసుపు వెయ్యకుండా ఎలా ఉంటాం? తెల్ల సబ్బులో పచ్చని సుడులు రావాలని నా ఆశ. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లల్లో చెంచాడు పసుపు వేశాను. అంతే, ఎర్రగా అయిపోయింది! చిన్నమ్మ చూసి, "ఇదేందిరా, పసుపేస్తే కుంకుమైంది?" అన్నది.

పాడైపోయిందనుకొని ఆ నీళ్లు పారబోశాను. తర్వాత తెలిసింది, పొరపాటు నాదేనని. చిన్నమ్మ అన్న మాటే అసలు జవాబు. పసుపులో ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేసే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. చొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రగా మారుతుంది చూడండి, అదే సంగతి. బడిలో పసుపు కాగితంతో చేసే ప్రయోగమూ ఇదే. ఆ సబ్బును నాలుగైదు వారాలు ఆరనిస్తే క్షారం తగ్గి, ఎరుపు నెమ్మదిగా నారింజ పసుపులోకి దిగేది. ఓపిక లేక పారబోశాం అన్నమాట.

సరే, ఈ సుడులు ఎక్కడివి? ఇక్కడ ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు పోవాలి. అక్కడి సబ్బులో ఆలివ్ నూనె తప్ప వేరే కొవ్వు వాడొద్దని 1688లో పద్నాలుగో లూయీ కాలంలో శాసనం చేశారు. అక్కడ తయారైన ఒక రకానికి లోపల నీలం, బూడిద రంగు చారలు ఉండేవి, చలువరాయి మీద ఉన్నట్టు. మరుగుతున్న సబ్బులో అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్, వేసి మెల్లగా చల్లారనిస్తే ఆ చారలు వాటంతట అవే ఏర్పడేవి. కోసి గాలికి పెడితే పైపొర ఎర్రటి గోధుమ రంగుకు తిరిగేది, లోపల నీలం అట్లాగే ఉండేది.

ఇది అందం కోసమే అనుకుంటున్నారా? కాదు. సబ్బు బరువు పెంచడానికి నీళ్లు ఎక్కువ కలిపితే సబ్బు పలచబడి, ఇనుము రంగు అడుగుకు దిగిపోయేది. చారలు నిలిచేవి కావు. కాబట్టి చార ఉన్నదంటే సబ్బులో మోసం లేదని లెక్క. కొనేవాడు తూకం రాయిని నమ్మనక్కర లేదు, సబ్బును కోసి చూస్తే చాలు. ఇవాళ మనం ముచ్చట కోసం వేసుకునే సుడి ఒకప్పుడు సాక్ష్యం.

రంగును ద్రవం మీద తిప్పే కళ మన దక్కనుకూ కొత్త కాదు. నీళ్ల మీద రంగులు తేల్చి, పుల్లతో కదిపి, కాగితం మీదికి ఎత్తుకునే పద్ధతి ఉంది, దాని పేరు అబ్రీ. పారశీకంలో అబ్ర్ అంటే మబ్బు. 17వ శతాబ్దపు బీజాపూర్ చిత్రకారులు ఆ మబ్బుల కాగితంతో గుర్రాల బొమ్మలు చేశారు. ఇంట్లో సబ్బు చేసేవాళ్లదీ అదే కిటుకు. ద్రవం మరీ చిక్కబడితే సుడి తిరగదు. మరీ పలచగా ఉంటే రంగులు కలిసిపోతాయి. మజ్జిగకంటే కొంచెం చిక్కగా ఉన్నప్పుడే పుల్ల పెట్టాలి.

ఇక మన జిల్లాలో రెండో సరుకు, చక్కెర. బోధన్ పక్క శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, 2015 చివర్లో మూతబడింది. నురగ బాగా రావాలని సబ్బులో చెంచాడు చక్కెర వేస్తారు. కానీ చక్కెరతో వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ద్రవం త్వరగా గట్టిపడుతుంది, సుడికి టైమ్ దొరకదు. నురగ కావాలా, డిజైన్ కావాలా, ముందే తేల్చుకోవాలి!

జాగ్రత్త ఒక్కటి చెప్తాను. కాస్టిక్‌ను నీళ్లలో వెయ్యాలి, నీళ్లను కాస్టిక్ మీద పొయ్యొద్దు, పైకి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. అల్యూమినియం గిన్నె అసలే వద్దు.

2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని కేంద్రం నిజామాబాద్. రేపు పసుపు సబ్బులు ఇంకా చాలా వస్తాయి. కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. అసలు పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఎండలో నెలల తరబడి పెట్టినా నిమ్మపండులా మెరిసే సబ్బు కనిపిస్తే, రంగు దేనిదని అడగండి. మార్సెయ్‌లో చార నిలిస్తే నిజం, మన దగ్గర రంగు వెలిస్తే నిజం.

చిన్నమ్మ ఇంట్లో రెండోసారి చేసిన సబ్బు ఎర్రగానే మొదలైంది. ఈసారి మాత్రం పారబొయ్యలేదు.