తొట్టిలోని మట్టి కథ

నర్సరీకి వెళ్ళి గులాబీ మొక్క కొనేవాడు ఆకులు చూస్తాడు, మొగ్గలు లెక్కపెడతాడు, ధర బేరమాడతాడు. వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి ఎక్కడిదని అడిగేవారు అరుదు. కాని నర్సరీల వలన ప్రకృతికి మేలు జరుగుతున్నదా, కీడు జరుగుతున్నదా అన్న ప్రశ్నకు సమాధానం చాలామట్టుకు ఆ మట్టిలోనే ఉంది. వరి పండించే రైతు గింజను అమ్ముకొని మట్టిని పొలంలోనే ఉంచుకొంటాడు. నర్సరీ యజమాని మొక్కతోపాటు మట్టిని కూడా అమ్మివేస్తాడు. రెండేసి కిలోల మట్టి పట్టే సంచులు 10,000 అమ్మితే 20 టన్నుల మట్టి గేటు దాటిపోయినట్లే. మళ్ళీ అంత మట్టి ఎక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి అన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు దొరికింది. ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఇంగ్లండులో జరిగింది.

ఆ దేశంలో ఒకప్పుడు ప్రతి తోటమాలికీ తన సొంత మట్టిపాకం ఉండేది. పచ్చిక బయళ్ళలో గడ్డిదుబ్బులతో సహా చెక్కలుగా కోసి, తలక్రిందులుగా పేర్చి, నెలల తరబడి మాగవేసిన మట్టి అందులో ప్రధానం. దానికి చివికిన ఆకుల ఎరువు, ఇసుక, పాతగోడల సున్నపు పెళ్ళలు కలిపేవారు. ఏ మొక్కకు ఏది ఎంత కలపాలో గురువు దగ్గర శిష్యుడు నేర్చుకొనేవాడు. మొలకలు చనిపోతే తప్పును విత్తనం మీదికో వాతావరణం మీదికో నెట్టివేయడం సులభం.

ఈ పాకాలను శాస్త్ర పరీక్షకు పెట్టవలసిన అవసరం ఒక విచిత్రమైన మార్గాన వచ్చింది. 1904లో మరణించిన జాన్ ఇన్నిస్ అనే సంపన్నుడు విడిచిపెట్టిన ధనంతో, లండనుకు దక్షిణాన మెర్టన్ అనే చోట 1910లో ఒక ఉద్యానశాస్త్ర సంస్థ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు విలియం బేట్సన్. మెండెల్ సూత్రాలను ఇంగ్లీషు ప్రపంచానికి చాటినవాడు, జన్యుశాస్త్రానికి ఇంగ్లీషులో ఆ పేరు పెట్టినవాడు ఆయనే. మెండెల్ నిష్పత్తులు తేల్చాలంటే సంకర విత్తనాల నుంచి వచ్చిన ప్రతి మొలకనూ లెక్కించాలి. మూడుకు ఒకటి రావలసినచోట సగం మొలకలు నారుకుళ్ళు తెగులుకు పోతే ఆ లెక్కకు అర్థం లేదు. ఆ సంస్థలో ప్రిమ్యులా మొలకలు ఈవిధంగానే చనిపోతూ వచ్చాయి.

1930–40 మధ్య విలియం లారెన్సు, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు ఈ సమస్యను చేపట్టారు. మొదట మట్టికి ఆవిరి పట్టి, తెగులు కలిగించే బూజులను, కలుపు విత్తనాలను చంపారు. తెగులు పోయింది గాని మొలకలు ఎదగకుండా గిడసబారాయి. సూపర్ ఫాస్ఫేటు కలిపితే ఆ లోపం తీరింది. ఆకుల ఎరువు ఒకసారి ఉన్నట్లు ఇంకొకసారి ఉండదు, తెగుళ్ళను కూడా మోసుకొని వస్తుంది. అందువలన దానిని తీసివేసి, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే ‘పీటు’ అనే పదార్థాన్ని వేశారు. ఎన్నో ప్రయోగాల తర్వాత లెక్కలేనన్ని పాకాలు రెండుకు దిగివచ్చాయి. విత్తనాలకు రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు పీటు, ఒక పాలు ఇసుక. పెరిగిన మొక్కలకు ఏడు పాళ్ళు మట్టి, మూడు పాళ్ళు పీటు, రెండు పాళ్ళు ఇసుక. ఇంతకు మించి కావలసినవి కాస్త సుద్ద, డెక్కల–కొమ్ముల పొడి, సూపర్ ఫాస్ఫేటు, పొటాష్ సల్ఫేటు.

సంస్థ ఈ మిశ్రమాన్ని అమ్ముకోలేదు, పాళ్ళను ప్రకటించి ఊరుకొంది. ఎవరైనా తయారుచేసికోవచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటను ప్రజలు పెరళ్ళలో కూరగాయలు పండించవలసి వచ్చినప్పుడు ఇది బాగా అక్కరకు వచ్చింది.

అయితే పచ్చిక మట్టి తరిగేది, బరువైనది. దానికి ఆవిరి పట్టడం శ్రమతో కూడిన పని. అందుకని మట్టినే మానివేస్తే ఏమి అన్న ఆలోచన పుట్టింది. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో ప్రచురించిన గ్రంథం సన్నని ఇసుక, పీటు మిశ్రమాలను వివరించింది. తర్వాతి దశాబ్దంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బూడ్లీ, షెల్‌డ్రేక్ అనేవారు ఇసుకను కూడా తగ్గించి, కాల్చి పొంగించిన ఖనిజాలైన వర్మిక్యులైటును, పెర్లైటును పీటుకు జోడించారు. తొట్టి దూదిలా తేలికైంది. ప్లాస్టిక్ కుండీలో పెంచిన మొక్కను వందల మైళ్ళు పంపడం లాభసాటి అయింది. ఇవాళ పాశ్చాత్య దేశాలలో కనిపించే పెద్ద పెద్ద మొక్కల అంగళ్ళు చాలావరకు ఈ తేలిక మట్టి పుణ్యమే.

ఇంతకూ ఈ పీటు ఏమిటి? చలిదేశాల చిత్తడినేలల్లో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. పైభాగం పెరుగుతూంటే క్రిందిభాగం చనిపోయి నీటిలో మునుగుతుంది. అక్కడ ప్రాణవాయువు అందదు, ఆమ్లగుణం ఎక్కువ. అందువలన అది పూర్తిగా కుళ్ళదు, పొరలు పొరలుగా పేరుకొంటుంది. 1950లో డెన్మార్కులో పీటు తవ్వుతున్నవారికి ఒక మనిషి శవం కనబడితే ఇటీవలి హత్య అనుకొని పోలీసులకు చెప్పారు. ఆ మనిషి చనిపోయి సుమారు 2,400 సంవత్సరాలైంది! నిలువచేయడంలో ఆ నేలల శక్తి అటువంటిది.

పీటు ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. ఒక మీటరు తవ్వితే వేయి సంవత్సరాల పంట పోయినట్లు. అంతకన్నా పెద్ద నష్టం గాలిలో ఉంది. భూతలంలో పీటు నేలలు 3 శాతమే అయినా, నేలల్లో దాగిన కర్బనంలో సుమారు మూడవ వంతు వాటిలోనే ఉంది. నీటిని కాలువలుగా తోడివేసి పీటును బయటికి తీయగానే, అన్నాళ్ళూ ఆగిన కుళ్ళుడు మొదలై కర్బనం బొగ్గుపులుసు గాలిగా మారిపోతుంది. ఆ విధంగా పచ్చదనం అమ్మే అంగడే వాతావరణాన్ని వేడెక్కించే పనిలో భాగస్వామి అయింది. లారెన్సుకు దీనిలో దోషం లేదు. ఆయన ఎదుట ఉన్న సమస్య తెగులు.

మానడం మాత్రం సులభం కాలేదు. ఇంటితోటలలో పీటు వాడకాన్ని 2020 నాటికి స్వచ్ఛందంగా మానాలని 2011లో బ్రిటిష్ ప్రభుత్వం ఇంగ్లండుకు గడువు పెట్టింది. గడువు దాటిపోయింది, వాడకం పోలేదు. 2024 నాటికి ఇంటితోటలవారికి అమ్మకాన్ని నిషేధిస్తామని 2022లో ప్రకటించారు. ఆ సంవత్సరమూ గడిచింది గాని చట్టం రాలేదు. ఐర్లండులో ప్రభుత్వ సంస్థ 2021లో తవ్వకం మానివేసింది. అదే సంవత్సరం అక్కడి తోటలవారికోసం లాట్వియా నుంచి ఓడలో పీటు వచ్చింది. గొయ్యి పూడలేదు, చోటు మారింది.

పీటుకు బదులుగా వాడే వాటిలో ముఖ్యమైనది మనకు తెలిసిన వస్తువే. కొబ్బరి డొక్క నుంచి పీచు తీసిన తర్వాత మిగిలే పొట్టు. ఇది క్రొత్త సంగతి కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు తోటమాలులు పీచు మిల్లుల పొట్టును కొని వాడేవారు; పీటు చవకగా దొరకడంతో దానిని మరిచిపోయారు. ఇప్పుడు దక్షిణ భారతం నుంచి, శ్రీలంక నుంచి ఆ పొట్టు గట్టి దిమ్మెలుగా ఓడలెక్కుతున్నది. నీళ్ళు పోస్తే దిమ్మె ఎన్నో రెట్లు పొంగుతుంది.

కొబ్బరి పొట్టు కూడా నిర్దోషి కాదు. ఉప్పునీట నానిన డొక్కల పొట్టులో సోడియం లవణాలుంటాయి. వాటిని కడగడానికి మంచినీరు కావాలి, కడిగిన నీరు ఎక్కడికో పోవాలి. దానిలో నత్రజని బహు స్వల్పం, లిగ్నిన్ ఎక్కువ. పచ్చిపొట్టు వేస్తే సూక్ష్మజీవులు మొక్కకు చెందవలసిన నత్రజనిని తామే తినివేస్తాయి. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా చొప్పున చేర్చి, ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనంతో పొరలుగా వేసి, తడి ఆరకుండా నెల రెండు నెలలు ఉంచితే లిగ్నిన్ విరిగి నల్లని ఎరువు తయారవుతుంది. చేయకుండా వదిలిన పొట్టు దారిప్రక్కన ఏళ్ళ తరబడి కుప్పపడి ఉంటుంది. వానలకు దాని ఎర్రని కషాయం చెరువుల్లోకి దిగుతుంది.

తూర్పు గోదావరి జిల్లాలో కడియం, కడియపులంక నర్సరీలు దేశమంతటా ప్రసిద్ధి. గౌతమి దాటితే కోనసీమ కొబ్బరితోటలు. మొక్కలు పెంచేవారు ఒకవైపు, పొట్టు మిగిలేవారు ఇంకొకవైపు, మధ్య ఒక వంతెన. మాగిన పొట్టు, నర్సరీలోనే కత్తిరించిన కొమ్మలు రెమ్మలతో చేసిన ఎరువు, కొద్దిపాటి మట్టి కలిపితే సంచి బరువు తగ్గుతుంది, లారీలో మొక్కలు ఎక్కువ పడతాయి. పరదేశాలకు పంపే మొక్కల విషయంలో ఎట్లాగూ గత్యంతరం లేదు: తెగుళ్ళ భయంతో చాలా దేశాలు మట్టి అంటిన వేళ్ళను తమ రేవుల్లో దిగనివ్వవు. అయితే ఏ మొక్కకు ఏ పాలు సరిపోతుందో మెర్టన్‌లో తేల్చింది ఇక్కడ చెల్లదు. మన ఎండకు, మన నీటికి, మందారానికి వేరుగా, మామిడి అంటుకు వేరుగా, ప్రక్కప్రక్క తొట్లలో నాటి, మొలకలు లెక్కపెట్టి తేల్చవలసిన పని అది.