సిపాయి ఎర్రకోటు కుట్టాలంటే

1756 చివర్లో ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవు మద్రాసు నుంచి ఓడల మీద బెంగాలుకు సిపాయిలను తీసుకెళ్లాడు. అక్కడి జనం వాళ్లను తిలంగాలు, అంటే తెలుగువాళ్లు, అన్నారు. మరుసటి ఏడు బెంగాలులో కొత్తగా లేచిన పటాలం తొడిగిన ఎర్రకోట్లను చూసి, దానికి లాల్ పల్టన్ అని పేరు పెట్టారు. మన సర్కారు జిల్లాల కుర్రాళ్లు తరాల పాటు తొడుక్కున్న ఆ కోటు, ఇప్పుడు నాటకాల్లో, సినిమాల్లో మెరిసే ఎర్ర శాటిన్‌గా మారిపోయింది. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఆ కోటు చరిత్రంతా దాని గుడ్డలో, కత్తిరింపులో ఉంది.

ముందు గుడ్డ సంగతి. అది ఇంగ్లండు నుంచి వచ్చిన దళసరి ఉన్ని, బ్రాడ్‌క్లాత్. కావలసిన దానికంటే బాగా వెడల్పుగా నేసి, తడిపి, పెద్ద పెద్ద సుత్తులతో దంచి కుదించేవారు. పోగులన్నీ ఒకదానికొకటి చిక్కుకుపోతాయి కాబట్టి, కత్తిరించిన చోట దారం ఊడదు. అందుకే పాత కోట్లలో చాలాచోట్ల అంచులు మడవకుండా అలాగే వదిలేశారు. మనం మడిచి కుట్టామా, అది ఈనాటి కోటే. ఎండలు మండే ఈ దేశంలో ఉన్ని అమ్ముకోలేక కంపెనీ నానా అవస్థలు పడింది. సిపాయి ఒళ్లు దానికి ఖాయమైన గిరాకీ అయింది.

రంగు విషయం ఇంకా మనసును తొలుస్తుంది. మామూలు సైనికుడి కోటుకు మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన ఎరుపు, అధికారి కోటుకు మెక్సికో నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగుల ఎరుపు. ఆ పురుగులను ఇక్కడే పెంచాలని డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు. చిరివేరు ఎరుపుతో మచిలీపట్నం అద్దకాలు ప్రపంచమంతా తిరిగిన సీమలో, సిపాయికి మాత్రం ఎరుపు సముద్రం దాటి వచ్చింది.

ఇక కత్తిరింపు. ముందు కోరా గుడ్డతో నమూనా కుట్టి, మనిషికి తొడిగి చూడాలి. వీపు ముక్క ఇరుకు. భుజం కుట్టు భుజం మీద కాకుండా వెనక్కి జరిగి ఉంటుంది. చంక బిగుతు. చెయ్యి రెండు ముక్కలుగా, మోచేతి దగ్గర వంపుతో ఉంటుంది. భుజాలకు మెత్తలు లేవు. తొడుక్కోగానే భుజాలు వెనక్కి పోతాయి, రొమ్ము ముందుకొస్తుంది. డ్రిల్లు నేర్పేవాడి కంటే ముందే కోటు సిపాయిని నిటారుగా నిలబెట్టేది. ఇక మద్రాసు సిపాయికి కింద తొడల దాకా వచ్చే పొట్టి చల్లడం, కాళ్లకు చెప్పులు. నడుము పైన ఇంగ్లండు, కింద మన ఊరు!

కుట్టంతా చేతిదే. అవిసె నార దారానికి తేనెమైనం పట్టించి, బలం కావలసిన చోట వెనక కుట్టు వేయాలి. కాజాలు చేత్తోనే తీయాలి. కుట్టుమిషన్ సైన్యం గుమ్మం తొక్కింది 1830 తర్వాతే. ఫ్రాన్సులో తిమొన్నియే సుమారు 80 మిషన్లతో సైనిక దుస్తులు కుట్టిస్తుంటే, పొట్ట కొడుతున్నాయని 1831లో పారిస్ దర్జీలు మీదపడి వాటిని ధ్వంసం చేశారు.

చివరగా తలపాగా. కోటును మోసిన సిపాయి దీని దగ్గర ఎదురు తిరిగాడు. తోలు బిళ్లతో, దొరల టోపీని తలపించే కొత్త తలపాగా పెట్టుకోవాలని, నుదుటి బొట్టూ చెవిపోగులూ తీసేయాలని హుకుములొచ్చాయి. కాదన్నవాళ్లకు కొరడా దెబ్బల శిక్ష పడింది. 1806 జూలై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వంద మందికి పైగా తెల్ల సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి తెల్ల అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాక, సిపాయిల ప్రాణాలు అంతకంటే ఎక్కువే పోయాయి. ఆ తలపాగా హుకుము రద్దయింది. గవర్నరు బెంటింక్‌నూ, సేనాధిపతి క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిపించింది. కాబట్టి 1806 నాటి సిపాయి వేషం కుట్టేవాళ్లు అతడు పాత తలపాగావాడా, కొత్తది నెత్తిన పెట్టించుకున్నవాడా అన్నది ముందే తేల్చుకుని గుడ్డ కొనాలి.