ఆ కాగితం అడుగున ఒక స్త్రీ పేరు



ఇంటికొచ్చిన పత్రికని మనం ఏం చేస్తాం? పొద్దున చదువుతాం, మర్నాడు అలమార అరల్లో పరుస్తాం, నెల తిరిగేసరికి తూకానికి వేసేస్తాం. అలాంటి పాత పత్రిక ఒకటి 2013లో అమెరికాలో వేలానికి వస్తే ఆరు లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత విలువ దేనికంటారా? అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పూర్తిపాఠం మొట్టమొదట వెలువడిన పత్రిక అదే.

దాని పేరు పెన్సిల్వేనియా ఈవినింగ్ పోస్ట్. ఊరు ఫిలడెల్ఫియా. తేదీ 1776 జూలై 6, శనివారం. వారానికి మూడుసార్లు వచ్చే చిన్న పత్రిక. వెల రెండు రాగి నాణేలు. ఇంగ్లండు రాజు ఏలుబడిలోని వలసల ప్రతినిధులు జూలై 4న ఆ ప్రకటనని ఆమోదించారు. ఆ రాత్రే జాన్ డన్‌లాప్ అనే ముద్రాపకుడు దాన్ని విడి కాగితాలుగా అచ్చువేశాడు. రెండు రోజుల్లో అది పత్రికకెక్కింది.

ఇన్నేళ్లు ఆ కాగితం ఎలా నిలిచిందని మీకు సందేహం రావచ్చు. అప్పటి కాగితం కర్రగుజ్జుతో చేసింది కాదు, నార, నూలు గుడ్డపేలికలతో చేసింది. అందుకే అంత త్వరగా పసుపెక్కి పొడి అవదు. యుద్ధకాలంలో కాగితానికి కరువొచ్చి, పాత గుడ్డలు దాచి ఇమ్మని గృహిణులను పత్రికలు అడిగేవి. మనం పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంటాం చూడండి, అక్కడ పాత బట్టలు పత్రికలయ్యేవి!

గుడ్డలివ్వడమే కాదు, అచ్చు యంత్రం నడిపిన ఆడవాళ్లూ ఉన్నారు. వారిలో ఒకావిడ మేరీ కాథరిన్ గొడార్డ్. తల్లితో, తమ్ముడితో కలిసి పనిచేస్తూ ముద్రణ నేర్చింది. 1774 నుంచి బాల్టిమోర్‌లో తమ్ముడి పత్రిక మేరీలాండ్ జర్నల్ భారమంతా ఆవిడే మోసింది. 1775లో ఆ ఊరి పోస్టుమాస్టరు కూడా అయింది. ప్రకటన పూర్తిపాఠాన్ని 1776 జూలై 10న తన పత్రికలో వేసింది. ఆ పత్రిక మీద ముద్రాపకురాలిగా ఆవిడ పేరు ‘ఎం.కె. గొడార్డ్’ అని మాత్రమే ఉండేది. పొడి అక్షరాలు చూసి ఆడవాళ్లో మగవాళ్లో ఎవరు చెప్పగలరు?

మొదట అచ్చయిన ప్రతుల్లో సంతకాలు చేసిన వాళ్లందరి పేర్లూ లేవు. రాజద్రోహానికి శిక్ష మరణమే కదా! ఆరు నెలలు గడిచాక, 1777 జనవరి 18న, పేర్లతో సహా ప్రకటనని అచ్చువేయించాలని కాంగ్రెసు తీర్మానించింది. ఇంగ్లండు సైన్యానికి జడిసి సభ అప్పటికి బాల్టిమోర్‌కు తరలివచ్చింది. పని మేరీ చేతికొచ్చింది. ఆవిడ ఆ కాగితం అడుగున ఈసారి పొడి అక్షరాలు వేయలేదు. మేరీ కాథరిన్ గొడార్డ్ అని పూర్తి పేరు వేసింది. వాళ్లతోపాటు తానూ పట్టుబడితే ఏమవుతుందో తెలియక కాదు, తెలిసే వేసింది.

మరి కొత్త ప్రభుత్వం ఆవిడకేమిచ్చింది? యుద్ధకాలంలో సొంత డబ్బుతో టపా రౌతులకు జీతాలిచ్చి, 14 ఏళ్లు తపాలా నడిపిన మనిషిని 1789లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ పనికి ప్రయాణాలు చేయాలి, ఆడదాని వల్ల కాదు అన్నారు. బాల్టిమోర్ పౌరులు 200 మందికి పైగా ఆవిడ తరఫున అర్జీ పెట్టారు. ఆవిడ స్వయంగా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు రాసుకుంది. ఫలితం లేకపోయింది. పత్రిక అంతకు ముందే, 1784లో, తమ్ముడి చేతికి తిరిగి వెళ్లిపోయింది. తర్వాత పుస్తకాల కొట్టు పెట్టుకుని బతికింది. 1816లో కన్నుమూసింది.

మనుషులంతా సమానమన్న ఆ ప్రకటన ఆనాడు ఆడవాళ్ల దాకా రాలేదు, బానిసల దాకా అసలే రాలేదు. మేరీ ఇంట్లోనూ ఒక బానిస స్త్రీ ఉండేది. ఆమెకు విముక్తినిచ్చి, తన ఆస్తిని ఆమెకే వీలునామా రాసి పోయింది మేరీ.

మేరీని ఉద్యోగంలోంచి తీసేయగలిగారు గాని, ఆ కాగితం అడుగున ఉన్న పేరుని ఎవరూ తీసేయలేకపోయారు. ఇవాళ్టికీ పత్రికల్లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాలతో ముద్రాపకుల పేరుంటుంది. మనం ఎప్పుడూ చూడం. ఈసారి పత్రిక తూకానికి వేసేముందు ఆ ఒక్క పంక్తీ చదవండి. సెలవు.