పుట్టి నుంచి ఔట్‌బోర్డు దాకా: కృష్ణ మీద ఎవరి రిపేరు వాళ్ళదే

నల్గొండ, మహబూబ్ నగర్ వాళ్ళకి పడవ ఇంజన్‌తో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. ఈ రెండు జిల్లాల పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేవి కరువు, ఫ్లోరైడ్ నీళ్ళు, పాలమూరు లేబర్, ఎండిపోయిన బోర్లు. పడవలంటే గోదావరి జిల్లాలు, సినిమా పాటలు. కానీ ఒకసారి మ్యాపు తీసి దక్షిణం అంచు చూడండి. జూరాల, శ్రీశైలం, నాగార్జున సాగర్... మూడు పెద్ద జలాశయాలు వరసగా కనిపిస్తాయి. (2016లో జిల్లాలు ముక్కలయ్యాక ఈ ఒడ్డు గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూల్, నల్గొండ మధ్య పంచుకుపోయింది. నేను పాత పేర్లే వాడతాను.) పొలానికి నీళ్ళు లేని చోట ఇన్ని నీళ్ళేంటి అనే ప్రశ్న వేరే కథ. ఇప్పుడు ఆ నీళ్ళ మీద తిరిగే ఇంజన్ల సంగతి, వాటిని విప్పి బిగించే చేతుల సంగతి చూద్దాం.

ముందు పుట్టి. తెలియని వాళ్ళ కోసం: వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, బయట నీళ్ళు దూరకుండా ఒక పొర. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద వీటిని చూసి రాసిపెట్టాడు. లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారనీ, అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటిస్తారనీ. అదే తుంగభద్ర కిందికి వచ్చి ఆలంపూర్ దాటాక కృష్ణలో కలుస్తుంది. ఐదొందల ఏళ్ళలో డిజైన్ పెద్దగా మారలేదు. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. అంతే.

నాకు ఇందులో నచ్చే విషయం ఒకటుంది. పుట్టిని పని అయ్యాక నీళ్ళలో వదిలెయ్యరు. ఒడ్డుకి లాగి బోర్లిస్తారు, చిన్నదైతే నెత్తిన పెట్టుకుని ఇంటికే పట్టుకుపోతారు. ఆరబెట్టి, ఎక్కడ తారు పగిలిందో చూసి, మళ్ళీ పూసి, బద్ద విరిగితే ఇంకోటి దూర్చి, పొద్దున్నే మళ్ళీ నీళ్ళలోకి. నడిపేవాడే మెకానిక్కు. సర్వీస్ సెంటర్ అనే మాటే లేదు.

తర్వాత డ్యాములొచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. శ్రీశైలం పని 1960లలో మొదలై, జలాశయం 1980లలో నిండింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్ళీ కట్టారు. సోమశిల గుళ్ళనీ పైకి తరలించారు. ఊళ్ళని మాత్రం అలా విప్పి కట్టడం కుదర్లేదు. గోడలు, బావులు, చెట్ల మొదళ్ళు నీళ్ళ కిందే ఉండిపోయాయి. ఈ మొదళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇంజన్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

నది చెరువైపోయాక పాత పద్ధతి పనికిరాలేదు. గెడ వేస్తే అడుగు అందదు. అవతలి ఒడ్డు మైళ్ళ దూరం జరిగింది. మధ్యాహ్నం గాలి లేస్తే అలలు. తెడ్డుతో పుట్టి నడిపేవాడికి ఇది కొత్త లోకం. ఆ నీళ్ళలో చేపలున్నాయని విశాఖ, తూర్పు గోదావరి వైపు నుంచి మత్స్యకారులు వచ్చి సాగర్, శ్రీశైలం ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. సముద్రం చూసిన వాళ్ళు కాబట్టి పెద్ద నీళ్ళంటే వాళ్ళకి భయం లేదు. అయినా వల దాకా తెడ్డు వేసి వెళ్ళి రావడం అంటే సగం రోజు, ఒంట్లో సగం బలం అక్కడే పోతాయి. మోటారు కావాలనిపించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మోటారు కథ మిల్వాకీలో మొదలవుతుంది. ఓలె ఎవిన్‌రూడ్ అనే నార్వే మూలాలున్న ప్యాటర్న్ మేకర్ 1909లో ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు అమ్మకానికి పెట్టాడు. బరువు 62 పౌండ్లు, అంటే దాదాపు 28 కిలోలు. ప్రియురాలి కోసం తెడ్డేసుకుంటూ వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చేలోపు అది కరిగిపోయిందనీ, ఆ కసితో మోటారు చేశాడనీ కథ చెప్తారు. (కథ బాగుంది, నమ్మేద్దాం.) ఆయనకి ముందే డెట్రాయిట్‌లో కేమరాన్ వాటర్‌మన్ ఇలాంటిది అమ్మాడు గానీ, పేరు ఎవిన్‌రూడ్‌కే వచ్చింది. 1960లో యమహా దిగింది. 1980లలో కేరళ తీరమంతా ఈ మోటార్లతో మోగిపోయింది.

ఔట్‌బోర్డు గొప్పతనం దాని హార్స్‌పవర్‌లో లేదు. పడవ వెనక పలకకి రెండు బిగింపులతో తగిలించి, పని అయ్యాక ఊడదీసి భుజాన వేసుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. అంటే పుట్టి లక్షణమే! ఇంటి ముందు విప్పి చూసుకోవడానికే పుట్టిన ఇంజన్ ఇది. ఇక్కడి నీళ్ళ మీద అన్నీ ఇవే ఉన్నాయనుకోకండి. పుట్లు ఉన్నాయి, తెడ్లున్నాయి, రేవు పడవల్లో డీజిల్ ఇంజన్లూ ఉన్నాయి.

డీజిల్ అనగానే బాయి గట్టు గుర్తురావాలి. మోట పోయి కరెంటు ఇంకా రాని మధ్య కాలంలో తెలంగాణ బావుల మీద టకటకమన్నది ఆయిల్ ఇంజనే. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో పుణెలో మొదలైంది. డీకంప్రెషన్ లివర్ ఎత్తిపట్టి, హ్యాండిల్ తిప్పి, ఊపు అందుకోగానే లివర్ వదలడం... ఊరికి నలుగురైనా ఈ విద్యలో ఆరితేరిన వాళ్ళుండేవారు. ఫిల్టర్ డీజిల్లో కడగడం, పైపులో గాలి పడితే నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా పంపు కొట్టడం, ఇదంతా రైతు తనే చేసుకునేవాడు. తర్వాత కరెంటు మోటార్లు, బోర్లు, సబ్‌మెర్సిబుళ్ళు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక డీజిల్ కొనే పనేముంది? కానీ మూడొందల అడుగుల కింద ఉన్న మోటారుని ఎవడు చూస్తాడు? కాలితే పైకి లాగించి వైండింగ్ షాపుకి మొయ్యడమే. మన భాషలో చెప్పాలంటే రైతుకి రూట్ యాక్సెస్ పోయింది. ఆ విద్య పూర్తిగా పోకుండా మిగిలింది పడవల మీదే అని నా అభిప్రాయం. బాయి మీద ఇంజన్ ఆగితే పంట ఒక రోజు ఆగుతుంది. జలాశయం మధ్యలో ఆగితే మెకానిక్కుకి ఫోన్ చేసి ఏం లాభం?

ఇంతకీ ఔట్‌బోర్డుకి చెయ్యాల్సింది ఏమిటి? చాలామంది పైన ఉన్న ఇంజన్ తల చూస్తారు. అసలు జబ్బులు కాళ్ళలో ఉంటాయి. కింద, నీళ్ళలో మునిగి ఉండే భాగంలో ఒక చిన్న రబ్బరు చక్రం (ఇంపెల్లర్) తిరుగుతూ నది నీళ్ళనే పైకి తోడి ఇంజన్‌ని చల్లబరుస్తుంది. పక్కన సన్నటి ధార బయటికి కొడుతుంటే అంతా క్షేమం. ధార ఆగిందా, వెంటనే ఇంజన్ ఆపాలి. దీన్ని మించిన మానిటరింగ్ డ్యాష్‌బోర్డు నేను చూడలేదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, వేసవిలో 800 దరిదాపుల్లోకి దిగిన ఏళ్ళూ ఉన్నాయి. అప్పుడు ఒడ్డు దగ్గర మిగిలేది బురద నీళ్ళు, ఆ ఇసుక రబ్బరు రెక్కల్ని అరగదీస్తుంది. అందుకే ఏడాదికోసారైనా మార్చాలి. ఇంటి దగ్గర ఇంజన్ పరీక్షించాలంటే నీళ్ళ డ్రమ్ములో పెట్టే తిప్పాలి. పొడిగా తిప్పితే కొన్ని సెకన్లలోనే రబ్బరు మాడిపోతుంది.

గేర్ ఆయిల్ ఇంకో సంగతి. కింది స్క్రూ, పై స్క్రూ రెండూ తీసి ఆయిల్ దించాలి. పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే సీలు పోయి నీళ్ళు దూరాయని అర్థం. తరచుగా దోషి ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకి చుట్టుకున్న వల దారమే, అదే సీలుని కోసేస్తుంది. కొత్త ఆయిల్ కింది కన్నం నుంచే ఎక్కించాలి, పై కన్నంలోంచి పొంగేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ కలపాలి. కంపెనీ 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. "ఇంకొంచెం పోస్తే మంచిదే కదా" అనుకుంటే ప్లగ్ నల్లగా తడిసి ఇంజన్ మొండికేస్తుంది. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. వేసవిలో నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు కార్బురేటర్లో పెట్రోలు ఖాళీ చెయ్యకపోతే జిగురు కట్టి, వానాకాలం మొదటి రోజే మొరాయిస్తుంది. సముద్రం నుంచి తెచ్చిన ఇంజన్‌కి జింకు ముక్క ఉంటే దాన్నీ మార్చుకోవాలి. అది ఉప్పు నీళ్ళకే, మంచినీళ్ళలో పైన పొర కట్టి పని మానేస్తుంది.

ఇక నీళ్ళ కింది చెట్ల మొదళ్ళు. చిన్న ఔట్‌బోర్డుల్లో ప్రొపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచేది ఒక మెత్తటి లోహపు పిన్ను, షియర్ పిన్ అంటారు. రెక్క మొద్దుకి కొట్టుకోగానే పిన్ను విరుగుతుంది, గేర్లు బతుకుతాయి. ఫ్యూజు లాంటిదన్నమాట. విరిగితే మార్చడం ఐదు నిమిషాల పని, స్పేరు పిన్ను ఉంటే. లేనప్పుడు మేకు కొట్టి దూర్చారా, తర్వాతి దెబ్బకి విరిగేది గేరే. ఫ్యూజులో తీగ చుట్టే అలవాటు మనకి ఇళ్ళల్లోనూ ఉంది కదా!

2007 జనవరిలో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్టలో సింగోటం జాతరకి వచ్చే వాళ్ళ పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. జనం కిక్కిరిసిన పడవ అది. 2009 అక్టోబర్ వరదలో శ్రీశైలం నీళ్ళు 885 దాటి 896 అడుగుల దాకా లేచాయి, ఆలంపూర్ మునిగింది. అలాంటి వరదల్లో ఇంటి కప్పుల మీద నుంచి జనాన్ని దింపేవి రబ్బరు పడవలే, వాటి వెనక ఉండేదీ ఇదే ఔట్‌బోర్డు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ మనం లైఫ్ జాకెట్ల గురించీ, పర్మిట్ల గురించీ మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. ఇంజన్ ఆగిన పడవ ప్రవాహానికి అడ్డం తిరుగుతుందనీ, నిండా జనం ఉంటే అప్పుడు అందరూ ఒకే పక్కకి జరుగుతారనీ, దానికి మూలం ఒక్కోసారి అరిగిన రబ్బరు ముక్క అవుతుందనీ మాత్రం ఎక్కడా చర్చకి రాదు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయందులో. సర్వే రోజు ఇంజన్ బాగుండటం వేరు, మిగతా 364 రోజులు బాగుండటం వేరు.

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న డిమాండ్ మంచాలకట్ట తర్వాత గట్టిపడింది. 2022 అక్టోబరులో కేంద్రం అక్కడ తీగల వంతెన ప్రకటించింది. వంతెన కడితే దాటేవాళ్ళు పడవ ఎక్కక్కర్లేదు. వలలు వేసేవాళ్ళకి మాత్రం వంతెనతో పని లేదు. వాళ్ళు వెళ్ళాల్సింది అవతలి ఒడ్డుకి కాదు, నీళ్ళ మధ్యకి. ఒక ప్లగ్, ఒక ప్లగ్ స్పానర్, రెండు పిన్నులు, కటింగ్ ప్లయర్, ఇంపెల్లర్ ఒకటి, ఒక పాత డబ్బాలో వేసుకుని. తెడ్డు కూడా.