మోంటేన్ టవర్: తలుపేసుకునే హక్కు ఎవరిది?

‘మ్యాన్ కేవ్’ అనే మాట వినే ఉంటారు. ఇంట్లోనే మగవాళ్లు తమకంటూ పెట్టుకునే ఓ గది. పెద్ద టీవీ, గేమింగ్ చైర్, తలుపేస్తే ఎవరూ పిలవరు. మాట కొత్తదే, కోరిక మాత్రం చాలా పాతది. ఈరోజు 450 ఏళ్లు వెనక్కి, ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గరికి వెళ్దాం.

1571. మిషెల్ డి మోంటేన్‌కి 38 ఏళ్లు. కోర్టులో న్యాయాధికారి పదవి వదిలేసి, తాతల నాటి ఇంటికి వచ్చేశాడు. అక్కడ ఓ గుండ్రటి టవర్ ఉంది. కింద చిన్న చర్చి, మధ్యలో పడకగది, పైన లైబ్రరీ. గోడ చుట్టూ ఐదు వరసల పుస్తకాలు, దాదాపు వెయ్యి! పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిన్ సూక్తులు రాయించాడు. భార్యా బిడ్డలు కూడా రాని మూల ఇదొక్కటైనా ఉండాలని తన పుస్తకంలో చెప్పుకున్నాడు. ఆ గదిలో పుట్టిందే ‘ఎస్సేస్’. 1580లో అచ్చయింది. మనం స్కూల్లో రాసే ‘ఎస్సే’కి ఆ పేరు అక్కడిదే. ఫ్రెంచిలో ఆ మాటకి ‘ప్రయత్నం’ అని అర్థం.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన పైన చదువుకుంటుంటే కింద ఇల్లు ఎవరు నడిపారు? 1580లోనే ఆయన ఇటలీ వైపు వెళ్లి, ఏడాదిన్నర దాకా తిరిగి రాలేదు. తను ఊళ్లో లేనప్పుడు ఇంటి పెత్తనమంతా భార్య చేతిలో పెట్టానని ఆయనే రాశాడు. ఆమె పేరు ఫ్రాన్స్వాజ్. ఆరుగురు ఆడపిల్లల్ని కంది, బతికింది ఒక్కతే. మరి ఆమె సొంత గది సంగతి? ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

1929లో ఇంగ్లండ్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఈ లెక్కే తీసింది. ఆడవాళ్లు రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లు, సొంత గది కావాలంది. గడియ ఉన్న గది!

మోంటేన్ గది తప్పని నేననను. అది లేకపోతే ఆ పుస్తకమే లేదు. కానీ ఒకరు తలుపేసుకుని ప్రశాంతంగా ఉన్నారంటే, బయట పాలవాడికీ, పిల్లలకీ, చుట్టాలకీ జవాబు చెప్పేవాళ్లు ఒకరుంటారు.

1885లో ఆ ఇల్లు కాలిపోయింది, టవర్ మిగిలింది. ఇప్పటికీ జనం వెళ్లి చూస్తారు. ఫ్రాన్స్వాజ్ పనిచేసిన ఇల్లు మాత్రం చూడ్డానికి లేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో ఓసారి చూడండి. అమ్మ తలుపేసుకుని అరగంట కూర్చునే చోటేది? వంటగది లెక్కలోకి రాదు.