నదీజల నాణ్యత పరీక్షలో అకశేరుకాలు

నది అడుగున రాళ్ల కింద, ఇసుకలో, నాచులో బతికే వెన్నెముక లేని చిన్న జీవులను చూసి నీటి మంచిచెడ్డలు తేల్చే పద్ధతి ఇది. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన ఫ్యాక్టరీ వ్యర్థం తెల్లారేసరికి కొట్టుకుపోతే రసాయన పరీక్షకు చిక్కదు. నెలల తరబడి అక్కడే ఉండే పురుగులు మాత్రం ఆ దెబ్బకు తగ్గిపోతాయి.

దీనికి శాస్త్రరూపం ఇచ్చినవారు జర్మనీకి చెందిన కోల్క్‌విట్స్, మార్సన్. మురుగు ఏ మేరకు ఉంటే ఏ జీవులు బతుకుతాయో దాన్నిబట్టి 1908లో మొక్కలను, 1909లో జంతువులను వర్గీకరించారు. ఇంగ్లండ్‌లో ట్రెంట్ నది కోసం వుడివిస్ 1964లో ఒక సూచిక ప్రకటించాడు.

ఇలాంటి పరీక్షల కోసం 1976లో బ్రిటన్‌లో ఏర్పడిన కార్యబృందం పని బాగా తేలిక చేసింది. జాతి తేల్చనక్కర్లేదు, కుటుంబం గుర్తుపడితే చాలు. ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 వరకు మార్కులు. ఆక్సిజన్ దండిగా కావలసిన స్టోన్‌ఫ్లై అనే పురుగుల కుటుంబాల్లో చాలావాటికి 10. మురికిని తట్టుకునే కైరోనమిడ్ పురుగులకు 2. వీటిలో కొన్ని హీమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటాయి. బురదలో మెలికలు తిరిగే సన్నటి వానపాములకు 1. పరీక్షించే వ్యక్తి నీటిలోకి దిగి, వలను దిగువన ఆనించి, మూడు నిమిషాలు అడుగును కాలితో కెలుకుతాడు. వలలో పడ్డవాటిని తెల్లటి ట్రేలో పోసి ఏరుతాడు.

అయితే నెమ్మదిగా పారే మైదానపు నదిలో, నీరు శుభ్రంగా ఉన్నా, కొండవాగు పురుగులు ఉండవు. రెంటికీ ఒకే కొలత పెడితే అన్యాయమే. 1977లో మొదలైన రివ్‌ప్యాక్స్ అనే బ్రిటిష్ పరిశోధన ఈ చిక్కు విప్పింది. కలుషితం కాని చోట్ల వివరాలు సేకరించి, ఫలానా చోట ఏ జీవులు ఉండి తీరాలో ముందే అంచనా కట్టింది. దొరికినవాటిని దాంతో పోల్చింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. లేని జీవి కూడా అప్పటి నుంచి లెక్కలోకి వచ్చింది.

భారత్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యమునపై అధ్యయనాలు చేసి, బ్రిటిష్ మార్కులను ఇక్కడి జీవులకు తగ్గట్టు మలచింది. జీవవైవిధ్యాన్నీ కలిపి నీటిని ఐదు తరగతులుగా విభజించింది.

ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో ఒక ఘటన చూపింది. 2013 జులైలో ఇంగ్లండ్‌లోని కెన్నెట్ నదిలో మార్ల్‌బరో దిగువన దాదాపు 15 కిలోమీటర్ల మేర మంచినీటి రొయ్యలు, పురుగులు చచ్చిపోయాయి. ఈ జీవుల మామూలు తనిఖీకి వెళ్లిన వలంటీర్లు గమనించి చెప్పాకే అధికారులు నీటిని పరీక్షించారు. అందులో బయటపడింది క్లోరిపైరిఫాస్, మన రైతులకూ బాగా తెలిసిన పురుగుమందు.