మంచినీటి పీత

మంచినీటి పీతలు సముద్రంతో సంబంధం లేకుండా తమ జీవితమంతా మంచినీటిలో గాని, దాని పక్కనున్న తడినేలలో గాని గడిపే పీతలు. ఇవి ఆర్థ్రోపోడా వర్గంలో డెకాపోడా క్రమానికి చెందిన జీవులు. ప్రపంచంలోని ఉష్ణమండల, ఉపఉష్ణమండల ప్రాంతాలలో వీటి జాతులు 1,300కు పైగా గుర్తించబడ్డాయి. వీటిని తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో ఎండ్రకాయలు అని కూడా పిలుస్తారు.

నదిలో కనిపించే ప్రతి పీతా మంచినీటి పీత కాదు. ఉదాహరణకు చైనాకు చెందిన మిట్టెన్ పీత నదులలోనే పెరుగుతుంది. కాని సంతానోత్పత్తి కోసం అది నదీముఖానికి చేరుకోవాలి. దాని డింభకాలు ఉప్పునీటిలోనే ఎదుగుతాయి. అసలైన మంచినీటి పీతలకు ఆ ప్రయాణం అవసరం లేదు.

వరిపొలం పీత

దక్షిణ భారతదేశంలో పొలాలలోను, చెరువులు, కాలువల గట్లలోను సాధారణంగా కనిపించే పీత ఓజియోటెల్ఫూసా సెనెక్స్. ఇది జెకార్సినుసిడే కుటుంబానికి చెందినది. దీనిని 1798లో ఫాబ్రిసియస్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కుబుసం విడవడాన్ని, సంతానోత్పత్తిని నియంత్రించే హార్మోనుల గురించి, పురుగుమందుల ప్రభావం గురించి ఈ పీతపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి.

జీవన విధానం

పీత గట్టులో బొరియ తవ్వుకొని నివసిస్తుంది. తవ్విన మట్టిని ఉండలుగా తెచ్చి బొరియ నోటి వద్ద పోస్తుంది కనుక దానిని గుర్తించడం సులువు. బొరియ అడుగు సాధారణంగా నీరు గాని, చెమ్మ గాని తగిలేవరకు దిగుతుంది. పీత మొప్పలతో శ్వాసిస్తుంది. మొప్పలు తడిగా ఉన్నంతసేపు గాలిలోని ఆమ్లజనిని కూడా గ్రహించగలదు. అందువలన చాలా జాతులు రాత్రివేళ నీటిని వదిలి గట్ల మీద తిరుగుతాయి. వేసవిలో పొలం ఎండినప్పుడు బొరియ నోటిని మట్టితో మూసుకొని, చెమ్మ మిగిలిన అడుగుభాగంలో కదలక ఉంటాయి. తొలకరి పడగానే మళ్ళీ బయటకు వస్తాయి.

కుళ్ళిన ఆకులు, నాచు, పురుగులు, నత్తలు, చచ్చిన చేపలు, ఇలా దొరికినదెల్లా తింటాయి. లేత వరినారును కత్తిరించడం, గట్లకు చిల్లులు చేసి మడిలో నీరు నిలవకుండా చేయడం వలన రైతులకు వీటిపై కోపం ఎక్కువ. అయితే రాలిన ఆకులను ముక్కలు చేసి మట్టిలో కలపడంలో వీటి పాత్ర తక్కువేమీ కాదు. కొంగలు, నీటికుక్కలు వీటిని వేటాడతాయి.

పెరగడానికి పీత పై పెంకును విడవాలి. కొత్త పెంకు గట్టిపడేవరకు అది ఏ శత్రువునూ ఎదిరించలేదు కనుక దాగి ఉంటుంది. తెగిపోయిన కాలు కూడా కుబుసం విడిచే క్రమంలోనే మళ్ళీ పెరుగుతుంది.

సంతానోత్పత్తి

ఆడ పీతను దాని వెడల్పైన పొట్ట మడతను బట్టి గుర్తిస్తారు. మగదానికి ఈ మడత సన్నగా ఉంటుంది. సముద్రపు పీతలు లక్షల కొద్దీ చిన్న గుడ్లు పెట్టి, డింభకాలను నీటిలోకి వదిలివేస్తాయి. మంచినీటి పీత గుడ్లు పెద్దవి, సంఖ్యలో చాలా తక్కువ. డింభక దశ అంతా గుడ్డులోనే ముగిసి, పగిలినప్పుడు చిన్న పీతే బయటకు వస్తుంది. పిల్లలు కొంతకాలం తల్లి పొట్ట కిందనే అంటిపెట్టుకొని ఉంటాయి.

ఈ విధానం వలన సముద్రపు అవసరం తీరింది కాని, మరొక చిక్కు ఏర్పడింది. ప్రవాహంతో దూరప్రాంతాలకు కొట్టుకుపోయే డింభకాలు లేకపోవడంతో ఇవి సులభంగా వ్యాపించలేవు. కొన్ని జాతులు ఒకే కొండకో, కొద్దిపాటి వాగులకో పరిమితమైనవి. పడమటి కనుమలలో అటువంటివి అనేకం. అక్కడి వాగు ఎండినా, అడవి నరికినా ఆ జాతి వేరెక్కడా మిగలదు. వరిపొలం పీత వంటి విస్తృత వ్యాప్తి గల జాతులను చూసి మిగిలినవన్నీ క్షేమమని అనుకోరాదు. 2009లో ప్రచురితమైన అంచనా 1,280 జాతులను పరిశీలించి, సుమారు ఆరింట ఒక వంతు ముప్పులో ఉన్నాయని తేల్చింది. దాదాపు సగం జాతుల విషయంలో నిర్ణయానికి తగిన సమాచారమే లభించలేదు. సింగపూరుకు మాత్రమే పరిమితమైన జొహోరా సింగపొరెన్సిస్ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతులలో ఒకటి.

ఆహారంగా

పల్లెలలో వీటిని కూరగా, పులుసుగా వండుకుంటారు. జలుబు, దగ్గులకు పీత పులుసు మంచిదని నమ్మకం. పచ్చిగా గాని, సగం ఉడికించి గాని తినరాదు. కొన్ని జాతులలో ఊపిరితిత్తులకు సోకే పరాగోనిమస్ అనే పరాన్నజీవి ఉంటుంది. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో ఈ వ్యాధి నమోదైంది. దగ్గుతో రక్తం పడటం వలన దీనిని క్షయగా పొరబడే అవకాశం ఉంది.